స్ప్రే కొడితే చాలదు

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకునేవాళ్లలో, బొంతలు కుట్టేవాళ్లలో ఒక మాట ఫోన్ల మీదుగా తెగ తిరుగుతోంది. గుడ్డల మీద కొట్టే తాత్కాలిక జిగురు స్ప్రే డబ్బా ఒకటి కొనుక్కుంటే ఇక గుడ్డను బిగించే ఫ్రేము పని లేదట, పొరలు కదలకుండా ముందు వేసి తరవాత తీసేసే కచ్చా కుట్ల పని లేదట. ఆ జిగురు రెండు రోజుల్లో దానంతట అదే మాయమవుతుందట. మిషనుకు గానీ మనిషికి గానీ ఏమీ కాదట. ఆ డబ్బా దొరకకపోతే ఏ స్ప్రే జిగురైనా ఒకటేనట, కాదంటే అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకోమని సలహా. ఇందులో పావు వంతు నిజం ఉంది. ఆ పావు వంతును ముందు పెట్టి మిగతా ముప్పావును నమ్మిస్తున్నారు, చిక్కంతా అక్కడే.

ముందు ఆ నిజం సంగతి చెప్పుకుందాం. వెల్వెట్ ముక్కను ఫ్రేములో బిగిస్తే నూగు అణిగి మచ్చ పడుతుంది, ఆవిరి పట్టినా ఒక్కోసారి పోదు. మందపాటి తువ్వాలు ఫ్రేములో ఇమడదు. కాలరు, జేబు లాంటి చిన్న ముక్కలు ఫ్రేముకు అందవు. ఇలాంటప్పుడు గుడ్డకు దన్నుగా అడుగున వేసే కాగితాన్ని (స్టెబిలైజర్) మాత్రమే ఫ్రేములో బిగించి, దాని మీద పల్చగా స్ప్రే కొట్టి, గుడ్డను పరిచి అరచేత్తో అద్దడం మంచి పద్ధతే. ప్యాచ్ వర్కులో చిన్న చిన్న ఆకులను, పువ్వులను కదలకుండా నిలపడానికీ ఇది బాగా పనికొస్తుంది. స్ప్రే వాడవద్దని నేను చెప్పడం లేదు.

ఇక ఫ్రేము అక్కర్లేదన్న మాట. ఫ్రేము గుడ్డను కదలకుండా పట్టుకోవడానికేనని ఈ సలహా ఇచ్చేవాళ్ల ఉద్దేశం. కానీ గుడ్డను నలువైపులా సమానంగా బిగువుగా ఉంచడం దాని అసలు పని. శాటిన్ కుట్టు, అంటే పక్కపక్కనే దట్టంగా పడి బొమ్మను నింపే కుట్టు, పడుతున్నప్పుడు దారం ప్రతిసారీ గుడ్డను రెండు అంచుల నుంచి మధ్యకు లాగుతుంది. బ్లౌజు వీపు మీద వేసే నెమలి బొమ్మలో పది వేలకు పైగా కుట్లు ఉండడం మామూలే. అన్ని వేల సార్లు వెంట్రుకవాసి చొప్పున లాగినా చివరికి ఎంత అవుతుందో ఊహించుకోండి. జిగురు గుడ్డను పక్కకు జారకుండా ఆపగలదు, ఈ లాగుడును మాత్రం ఆపలేదు. నెమలి ఒళ్లు నిండా నీలం రంగు పడుతుంది, దాని చుట్టూ రావలసిన జరీ గీత ఒక వైపు లోపలికి, ఇంకో వైపు బయటికి పోతుంది, మధ్యలో గుడ్డ తెల్లబోయి చూస్తుంటుంది. డిజైను తయారు చేసేవాళ్లు ఈ లాగుడును ముందే లెక్కగట్టి కుట్టు వెడల్పును కొంచెం పెంచి ఇస్తారు. అయితే గుడ్డ బిగువుగా ఉందనుకుని వేసిన లెక్క అది.

ఫ్రేములో గుడ్డను బిగించడానికి వీల్లేనప్పుడు స్ప్రేతో పాటు ఇంకొకటి చేయాలి. డిజైను మొదలయ్యే ముందు దాని చుట్టూ పొడుగు కుట్లతో ఒక చతురస్రం వేయించాలి. చాలా మిషన్లలో దీనికి విడిగా మీట ఉంటుంది. లేకపోతే డిజైనులోనే కలుపుకోవచ్చు. అంటే కచ్చా కుట్టు అక్కర్లేదన్న చోటే కచ్చా కుట్టు కావలసి వస్తోందన్నమాట.

బొంతల విషయంలో ఈ మాట ఇంకా తేలిపోతుంది. పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ మూడే పొరలుండి, చంటిపిల్ల ఉయ్యాలంత కొలత అయి, మిషను మీద ఒకటి రెండు రోజుల్లో ముగించేది అయితే స్ప్రే సుఖమే. నూలు దూదికి జిగురు బాగా పడుతుంది. ఉబ్బెత్తుగా ఉండే పాలిస్టర్ దూదికి అంతగా పట్టదు. చేత్తో కుట్టేవాళ్లకైతే జిగురు సూదిని ప్రతి పోటుకూ వెనక్కి లాగుతుంది, సాయంత్రానికి బొటనవేలు చెబుతుంది ఆ సంగతి. పెద్ద బొంతను నెలల తరబడి కుట్టేవాళ్లకు అసలు చిక్కు వేరే. తాత్కాలికం అన్నాక పట్టు వదిలేస్తుంది కదా, కుట్టు సగంలో ఉండగానే పొరలు విడిపోతాయి. రోలర్ల మీద పొరలను చుట్టి బిగించే పెద్ద లాంగ్‌ఆర్మ్ మిషన్లలో కుట్టించేవాళ్లకు స్ప్రే కాదు గదా, కచ్చా కుట్టు కూడా అక్కర్లేదు. ఇక మన పాత చీరల బొంతకు నాలుగైదు పొరలుంటాయి. ప్రతి రెండు పొరల మధ్యా స్ప్రే కొట్టాలంటే డబ్బాల ఖర్చుకు కొత్త దుప్పటి వస్తుంది.

రెండు రోజుల్లో మాయమవుతుందన్నది సగం మాట. అన్ని రకాలూ ఒకటి కాదు. సల్కీ వాళ్ల కేకే 2000 లాంటివి కొన్ని రోజుల్లో గాలికే పట్టు వదిలేలా చేసినవి. ఓడిఫ్ వాళ్ల 505 లాంటివి ఉతికితే పోతాయి. ఉతకడం మాట దగ్గరే మనవాళ్లకు ఇబ్బంది. జరీ ఉన్న పట్టు బ్లౌజును ఎవరు ఉతుకుతారు? పట్టు మీద నేరుగా, అందులోనూ దగ్గర నుంచి కొడితే చుక్కలు చుక్కలుగా మరక పడుతుంది, తరవాత ఆ చుక్కలకు దుమ్ము అంటి నల్లబడుతుంది. ఉతక్కుండా వేడి ఇస్త్రీ పెట్టెతో రుద్దితే కొన్ని రకాల జిగురు నేతలోకి ఇంకి మొండికేస్తుంది. పట్టు అయినా, జార్జెట్ అయినా స్ప్రే కొట్టవలసింది అడుగు కాగితం మీద, అదీ ఎనిమిది పది అంగుళాల దూరం నుంచి, ఒక్కసారి పల్చగా. ముందు అదే గుడ్డ కత్తిరింపు ముక్క మీద చూసుకోవాలి.

మిషనుకు ఏమీ కాదన్న దానికి సూదే సాక్షి. కుట్టు మధ్యలో దారం పీచులు లేచి పదేపదే తెగుతుంటే, స్విచ్ ఆపి సూదిని తీసి వెలుతురుకు పట్టి చూడండి. సూది కన్ను పైన బూడిద రంగు ఉంగరంలా జిగురు, దారపు నూగు కలిసి పేరుకుని ఉంటాయి. నిమిషానికి ఎనిమిది వందల నుంచి వెయ్యి కుట్లు వేసేటప్పుడు రాపిడికి సూది వేడెక్కుతుంది, ఆ వేడికి జిగురు మెత్తబడి సూదికి ఎక్కుతుంది. పల్చగా కొట్టి, వేగం ఆరు వందలకు తగ్గించి, కన్ను కొంచెం పెద్దగా ఉన్న సూది వేస్తే చాలావరకు తగ్గుతుంది. జిగురు అంటని పూత ఉన్న సూదులూ దొరుకుతాయి. పట్టిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిస్తే పోతుంది.

ఇంతకంటే పెద్ద నష్టం మిషను పక్కనే నిలబడి స్ప్రే కొట్టడం వల్ల వస్తుంది. సన్నని తుంపర కింది దారం ఉండే బాబిన్ గూట్లోకి, ఫ్రేమును నడిపే పట్టాల మీదికి దిగి, అక్కడున్న నూనెతో, నూగుతో కలిసి బంకవుతుంది. వేరే గదిలో, ఖాళీ అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, కాగితాన్ని అందులో పెట్టి కొట్టాలి. మర్నాడు ఆ పెట్టె లోపలి గోడను వేలితో తాకి చూస్తే తెలుస్తుంది, లేకపోతే అదంతా ఎక్కడికి చేరేదో.

మనిషికి హాని లేదన్న మాట మాత్రం ఊరుకుని వదిలేయదగ్గది కాదు. డబ్బాలో జిగురుతో పాటు ద్రావకం ఉంటుంది, దాన్ని బయటికి తోసే వాయువు ఉంటుంది. చాలా డబ్బాల్లో ఆ వాయువు ప్రొపేన్, బ్యూటేన్, డైమిథైల్ ఈథర్ లాంటిది. మన వంటగ్యాసు కూడా ప్రొపేన్, బ్యూటేన్‌ల కలయికే. ఇవి గాలి కంటే బరువైనవి, నేల మీదే పరుచుకుంటాయి. మిషను గదిలోనే దేవుడి పటం ముందు దీపం, అగరుబత్తి వెలిగించుకునే ఇళ్లు ఎన్ని లేవు? మండని రకాలు కూడా ఉన్నాయి, డబ్బా మీద చదివి కొనాలి. కొన్ని జిగుళ్లలో వాడే ద్రావకం హెక్సేన్‌ను ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయని చెప్పుల తయారీ కార్మికుల్లో ఎప్పుడో తేలింది. మూతికి గుడ్డ కట్టుకున్నాం కదా అనడం ఇంకో భ్రమ. గుడ్డ సంగతి సరే, ఎన్-95 మాస్కు కూడా తుంపరను ఆపుతుందే గానీ ద్రావకం ఆవిరిని ఆపదు. కిటికీలు తీసి కొట్టాలి, వీలైతే ఆరుబయట. చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గర లేకుండా చూసుకోవాలి. ఈ డబ్బాలు 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గురికాకూడదు. విజయవాడ ఎండలో అద్దాలు మూసిన కారు లోపల అంత వేడి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు.

ఏ స్ప్రే అయినా ఒకటే అన్న సలహాకు పెద్ద జవాబు అక్కర్లేదు. 3ఎమ్ సూపర్ 77 లాంటివి కాగితాన్ని, ఫోమును శాశ్వతంగా అతికించడానికి చేసినవి. గుడ్డకు పడితే ఉతికినా వదలవు. జుట్టుకు కొట్టుకునే స్ప్రే వాడేవాళ్లూ ఉన్నారు, దాని మీద నాకు మాటలు రావడం లేదు.

చివరగా అమెరికా చుట్టాలు. మండే స్ప్రే జిగురు డబ్బాలను ప్రయాణికులు చేతి సంచిలో గానీ చెక్-ఇన్‌లో ఇచ్చే పెట్టెలో గానీ విమానంలో తేకూడదు. పాపం, వాళ్లను ఇబ్బంది పెట్టకండి. పిల్లల స్టేషనరీ దుకాణంలో దొరికే, ఉతికితే పోయే జిగురు కడ్డీ చిన్న ప్యాచ్ ముక్కలకు సరిపోతుంది. నూలు గుడ్డకైతే పల్చటి మైదా జిగురు చాలు, కుట్టాక తప్పక ఉతకాలి, లేకపోతే పురుగులు చేరతాయి. పెద్ద బొంతకు ఆరు అంగుళాలకొకటి చొప్పున పొడుగు కచ్చా కుట్లు, అదీ తేలిగ్గా తెగే తెల్ల నూలు దారంతో.