“ఒక్క బాస్ సెట్ కొంటే చాలు” అన్న మాట నెల్లూరు, ప్రకాశం నీళ్లలో ఎందుకు నిలవదు

గాలం వేసేవాళ్ల ఫోన్లలో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. “రాడ్, రీల్, లైన్, వంద లూర్ల (ఉత్తుత్తి ఎరల) పెట్టె, అన్నీ కలిపి ఒకే బాస్ ఫిషింగ్ సెట్. పండుగప్ప కూడా బాస్ జాతే. కొరమీను నుంచి బొచ్చె దాకా ఏ చేపకైనా ఇదే చాలు. రాడ్ గట్టిది, రీల్‌లో బేరింగులు ఎక్కువున్నది, లైన్ లావుది చూసుకోండి. కొరమీను పిల్లల గుంపు కనబడితే దాని మీదే వేయండి, దెబ్బ ఖాయం.” ఇందులో నిజమున్న మాట ఆఖరిదొక్కటే. చేయకూడని పని కూడా అదే.

“పండుగప్ప కూడా బాస్ జాతే.” కాదు. ఆ సెట్లు తయారయ్యేది ఉత్తర అమెరికా మంచినీటి చేప లార్జ్‌మౌత్ బాస్ కోసం. దాని ప్రపంచ రికార్డే పది కేజీల పైచిలుకు. 1932లో జార్జియాలో పడ్డదీ, 2009లో జపాన్ బివా సరస్సులో పడ్డదీ రెండూ అంతే. పండుగప్ప వేరే కుటుంబం. ఉప్పునీళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఉప్పుటేళ్లలోకి ఎక్కి పెరుగుతాయి, అమెరికా బాస్‌కి ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. దాని మొప్ప మూత అంచు పదునుగా ఉంటుంది, నోటి లోపల గరుకు పళ్లుంటాయి. లైన్‌ని నేరుగా లూర్‌కి కడితే చేప ఎగిరి తల విదిల్చినప్పుడు అక్కడే తెగుతుంది. చివర మీటరు పొడవున 40 నుంచి 60 పౌండ్ల బలమున్న నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ లీడర్‌గా ఉండాలి.

సెట్‌లో వచ్చే లూర్లకున్న సన్న మూడుముళ్ల హుక్కులు రెండో సమస్య. ఉప్పునీళ్లలో తుప్పు పడతాయి, చేప లాగితే విచ్చుకుంటాయి. కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుటేళ్లలో వేసేవాళ్లు 9 నుంచి 12 సెం.మీ. మిన్నో లూర్ (సన్నటి చిన్నచేప ఆకారంలో ఉండేది) కొని, హుక్కులతో పాటు వాటిని పట్టుకునే రింగుల్ని కూడా గట్టివాటితో మార్చుకోవాలి. బరువైన హుక్కులు వేశాక లూర్ ఈత మారుతుంది. ఒడ్డు పక్కనే లాగి చూసి, పక్కకి ఒరిగితే చిన్న సైజుకి దిగండి. పోటు దిగుతూ పిల్లకాలవల నీరు ఏట్లోకి జారే చోట్లే వెతకాలి.

“కొరమీను నుంచి బొచ్చె దాకా.” బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటుంది. ఎర్రమోసు అడుగున కుళ్లిన పదార్థం తింటుంది. శీలావతి కూడా వేటాడే చేప కాదు. ఇవి ప్లాస్టిక్ చేప వెంట పడవు. వాటికి పిండి ముద్ద, చిన్న గాలం, బెండు. లూర్ పనిచేసేది కొరమీను, వాలుగ, పండుగప్ప లాంటి వేటచేపల మీదే. ఇంకో మాట: మన చెరువుల్లో చేపల హక్కు పాట పాడుకున్నవాళ్లదో, మత్స్యకార సంఘానిదో అయి ఉంటుంది. అడిగి, ఒప్పుకున్నాకే వేయండి.

“రాడ్ ఎంత గట్టిదైతే అంత మంచిది.” ఎక్కువ డబ్బు పోయేది ఈ మాట వల్లే. రాడ్‌కి పవర్ వేరు, యాక్షన్ వేరు. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ యాక్షన్ కొస దగ్గరే వంగుతుంది, మోడరేట్ నడుము దాకా వంగుతుంది. విసిరేటప్పుడు లూర్ బరువుకి రాడ్ వంగి, తిరిగి లేస్తేనే లూర్ దూరం పోతుంది. 40 గ్రాములకు చేసిన హెవీ రాడ్‌తో 7 గ్రాముల లూర్ విసిరితే రాడ్ వంగదు, లూర్ ముందే పడిపోతుంది.

అందుకే ముందు నీళ్లు చూడాలి. దానికి తగిన లూర్, ఆ లూర్ బరువుకి రాడ్, రాడ్‌కి లైన్, చివర రీల్. మెసేజ్ ఈ వరసని తలకిందులు చేసింది. పిడి పైన “లూర్ 7–28 గ్రా., లైన్ 10–20 పౌండ్లు” అని అచ్చు వేసి ఉంటుంది. మీరు ఎక్కువగా వాడే లూర్ బరువు ఆ రెండు అంకెల నడుమ పడాలి. తూటికాడ, జమ్ము, గుర్రపుడెక్క పట్టిన చెరువులో కొరమీనుకి ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ సరైనది. పట్టగానే చేపని మొక్కల మీదకి లాగాలి గనక. పండుగప్పకి అదే పవర్‌లో కాస్త నిదానమైన యాక్షన్ మేలు, ఎగిరినప్పుడు రాడ్ వంగి ఆ కుదుపుని మింగుతుంది.

కొనేముందు రాడ్ మీద లైన్ దూరే ప్రతి గైడ్ రింగులోనూ దూదిపుల్ల తిప్పండి. దూది పోగు తగులుకుంటే రింగు పగిలినట్టే, అది అల్లిక లైన్‌ని (సన్న పోగులు అల్లి చేసిన బ్రెయిడ్‌ని) కోస్తుంది. చేప కాళ్ల దగ్గరికి వచ్చాక రాడ్‌ని నిటారుగా ఎత్తకండి, కార్బన్ రాడ్ కొస విరిగేది అప్పుడే. కార్బన్ కరెంటుని పారిస్తుంది కూడా. కట్ట మీద తీగలున్న చోట, ఉరుములు మొదలైనప్పుడు రాడ్ దించేయాలి. దీన్ని ఏ అమ్మకపు మెసేజూ చెప్పదు.

“బేరింగులు ఎక్కువున్న రీల్.” బేరింగుల లెక్క నాణ్యతని చెప్పదు. సీలు లేని పది బేరింగులు ఉప్పునీళ్లలో తుప్పు పట్టే పది చోట్లు. రేషియో, అంటే పిడి ఒక్కసారి తిప్పితే రీల్ లైన్‌ని ఎన్ని చుట్లు చుడుతుందో ఆ లెక్క, పెద్దదైతే మేలన్నదీ అంతే. 47 మి.మీ. వ్యాసమున్న స్పూల్ (లైన్ చుట్టి ఉండే భాగం) చుట్టుకొలత సుమారు 148 మి.మీ. 5.0:1తో ఒక్క తిప్పుకి 74 సెం.మీ. లైన్ వస్తుంది, 6.2:1తో 92. కప్ప లూర్‌కి వేగం పనికొస్తుంది, జారిన లైన్‌ని చప్పున లాక్కోవచ్చు. లోతుకి మునిగే లూర్‌కి తక్కువ రేషియోనే చేతికి సుఖం. కొరమీనుకి 3000 సైజు, పండుగప్పకి 4000 సైజు స్పిన్నింగ్ రీల్ చాలు. అయితే సైజు అంకెలు కంపెనీని బట్టి మారతాయి, స్పూల్ మీద రాసిన లైన్ కొలత చూసుకోండి.

డబ్బా మీది “15 కేజీల డ్రాగ్” కూడా అంతే. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా జారనిచ్చే బిగింపు. 20 పౌండ్ల లైన్ 9 కేజీలకే తెగుతుంది. లైన్ కొసని స్ప్రింగు త్రాసుకి కట్టి, రాడ్ వంచి లాగి, 2.25 నుంచి 3 కేజీల మధ్య డ్రాగ్ జారేలా బిగించండి. కలుపులో కొరమీనుకి మాత్రం ఇంకా బిగించాలి. ఉప్పునీళ్ల నుంచి వచ్చాక డ్రాగ్ బిగించి, సన్నటి మంచినీటి ధార కింద కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. తర్వాత డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టండి.

“లైన్ లావుది.” లావు నైలాన్ సాగుతుంది, అందుకే దూరంలో చేప కొట్టినా ముల్లు దిగదు. కలుపులో 30–40 పౌండ్ల అల్లిక లైన్ సాగదు, మొక్కల కాడల్ని కోసుకుంటూ వస్తుంది. దాని బలహీనత రాయి. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ జలాశయాల రాతి ఒడ్డున లీడర్ లేకుండా వేయకండి. స్పూల్ మీద ముందు కొంచెం నైలాన్ చుట్టకపోతే అల్లిక మొత్తం జారి తిరుగుతుంది. స్పూల్ అంచు వరకూ నింపితే విసిరినప్పుడు చిక్కులు పడతాయి, రెండు మి.మీ. తక్కువ ఉంచండి.

“వంద లూర్ల పెట్టె.” అలాంటి పెట్టెల్లో మూడుముళ్ల క్రాంక్‌బైట్లు, అంటే లాగితే మునిగి ఊగే ప్లాస్టిక్ చేపలు, ఉంటాయి. మూతికున్న పలక పొడవుగా ఉంటే లూర్ లోతుకి మునుగుతుంది. వేసవిలో మీటరు లోతు చెరువులో అది బురద తవ్వుతుంది, లేదంటే మునిగిన సర్కారు తుమ్మ కొమ్మకి తగులుకుంటుంది. కొరమీనుకి 10–15 గ్రాముల బోలు రబ్బరు కప్పలు మూడు కొనండి. రెండు వేళ్లతో నొక్కితే ఒళ్లు అణిగి రెండు ముళ్లూ బయటపడాలి, పడకపోతే వద్దు. కప్పని ఆకుల మీద ఆపి ఆపి లాగండి. నీళ్లు చిమ్మగానే గుంజకండి. ఒక క్షణం ఆగి, లైన్ బరువెక్కాక గుంజాలి. కప్ప ఒంట్లో నీరు చేరితే పిండేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకి నీరు మట్టిరంగులో ఉన్నప్పుడు నల్ల లూర్, అదిరే రేకున్న స్పిన్నర్‌బైట్ పనిచేస్తాయి. తేట నీళ్లలో చిన్నచేప రంగు.

“పిల్లల గుంపు మీద వేయండి.” నారింజ రంగు పిల్లలు గాలి కోసం ఒకేసారి పైకొచ్చి నీళ్లు చిందిస్తుంటే, వాటి కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. అది లూర్‌ని కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. దాన్ని లాగేస్తే ఆ గుంపుని మిగతా చేపలూ కొంగలూ తినేస్తాయి, వచ్చే ఏళ్ల కొరమీను అక్కడే పోతుంది. గుంపు కనబడితే లూర్ చుట్టేసి కట్ట మీద ఇంకో చోటికి వెళ్లండి. పొరపాటున పడితే తడి చేత్తో పట్టుకుని, పడిన చోటే వెంటనే వదలండి, దూరంగా వదిలితే అది గుంపుని చేరుకోలేదు. ముల్లు మొన పక్కనున్న ఎదురుముల్లుని పట్టకారుతో ముందే అణిచి ఉంచితే, వదలడానికి అర నిమిషం కూడా పట్టదు.