సీసా సంగతి సరే, ఓడ సంగతేమిటి?

మహారాజశ్రీ యుద్ధకాలపు ఎల్.ఎస్.టి. సర్వీసు రికార్డు గారి సముఖానికి,

నమస్కరించి రాయునదేమనగా, నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమకే సమర్పించుకున్నాను. ఎల్.ఎస్.టి. అంటే యుద్ధ ట్యాంకుల్ని నేరుగా ఒడ్డున దించే ఓడ కదా, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ల ఓకినావా ద్వీపం ఒడ్డున ట్యాంకులు దించిన అలాంటి ఓ ఓడ కథ చదువుదామని కూర్చుంటే నాలుగు వాక్యాల్లో అయిపోయింది. పోనీ, దీనికి ఇంతే రాసిపెట్టి ఉందేమోనని పక్క నంబరు ఓడది తీశాను. అవే నాలుగు వాక్యాలు. దాని పక్కది తీశాను. తేదీలు మారాయి, అంతే.

ఫలానా రోజు పని మొదలు, ఫలానా రోజు జలప్రవేశం, ఫలానా మిసెస్ గారు ఆచారం ప్రకారం ఓడ ముక్కు మీద సీసా కొట్టారు, ఫలానా లెఫ్టినెంట్ బాధ్యతలు తీసుకున్నారు. ఆసియా-పసిఫిక్ రంగానికి కేటాయింపు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఓకినావా దాడిలో పాల్గొంది. యుద్ధంలో పాల్గొన్నందుకు గుర్తింపుగా ఒక బ్యాటిల్ స్టార్. జాబితాలోంచి కొట్టివేత. తుక్కు కింద ఫలానా వారికి అమ్మకం. అచ్చం మా తాలూకాఫీసు గుమాస్తా సర్వీస్ రిజిస్టర్‌లా ఉంది. కాకపోతే అందులో ఓ మెమో, ఓ సస్పెన్షన్ అయినా ఉంటాయి, మనిషి బతికాడని తెలుస్తుంది.

పేరు పెట్టలేదని అడగను. అమెరికా వాళ్లు వెయ్యికి పైగా కట్టారు, అన్నిటికీ పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? 1955లో మిగిలినవాటికి అక్కడి కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పేర్లు తగిలించారట, సంతోషం. ఇవో జిమా ద్వీపంలో సురిబాచి కొండ మీద అమెరికా సైనికులు జెండా ఎత్తే ఫొటో స్టాంపు మీదికి కూడా ఎక్కింది కదా, ఆ జెండా ఒడ్డున ఆగి ఉన్న 779 నంబరు ఎల్.ఎస్.టి. నుంచి అడిగి తెచ్చుకున్నది. ఆ నంబరు ఎంతమందికి తెలుసు? పోనివ్వండి, అదీ అడగను.

నాకు మింగుడుపడనిది ఆ సీసా. ఓడ ఇంకా నీళ్లు కూడా తాకకముందు దాని ముక్కు మీద షాంపేన్ సీసా ఎవరు పగలగొట్టారో తమరు మరిచిపోకుండా రాస్తారు. అదైనా ఆవిడ సొంత పేరుతో కాదు, మొగుడి పేరు ముందు మిసెస్ తగిలించి. క్షణంలో అయిపోయే పనికి ఓ వాక్యం. మూడు నెలల ఓకినావాకీ ఓ వాక్యమే. ఏం లెక్కండీ ఇది?

ఆ ఓడ ఒడ్డెక్కడమంటే ఏమిటో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. నడిసముద్రంలో బ్యాలస్ట్ ట్యాంకుల (ఓడ బరువు పెంచే నీళ్ల తొట్ల) నిండా నీళ్లు నింపి దాన్ని కిందికి దించుతారు. చదును అడుగు కాబట్టి అప్పటికీ ఊగుడు తప్పదు, కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. ఒడ్డు దగ్గరపడుతుంటే ఆ నీళ్లు తోడేసి ముక్కు తేలికచేస్తారు. ఇసుక తగలకముందే వెనక నుంచి లంగరు వదలాలి. మరీ ముందు వదిలితే స్టీలు తాడు చాలదు. ఆలస్యం చేస్తే తిరిగొచ్చేటప్పుడు పట్టు దొరకదు. ఆ తర్వాత 328 అడుగుల ఓడని కావాలనే నేలకెక్కిస్తారు. ఏ నావికుడూ కలలో కూడా చేయకూడని పని, వీళ్లకి అదే ఉద్యోగం. తలుపులు తెరుచుకుంటాయి, ర్యాంపు పడుతుంది, లోపల ట్యాంకులు స్టార్ట్ చేసేసరికి డెక్కంతా పొగ. నెత్తిమీదికి విమానాలు వస్తున్నా చివరి బండి దిగేదాకా ఓడ అక్కడే పడుండాలి. దిగాక వించి (తాడు చుట్టే యంత్రం) తిప్పుకుంటూ, ఆ లంగరు తాడే ఆధారంగా, తమని తామే వెనక్కి సముద్రంలోకి లాక్కోవాలి.

ఇప్పుడు చెప్పండి, ఆ లంగరు వదిలిందెవరు? వించి దగ్గర నిలబడిందెవరు? వంద మందికి పైగా సిబ్బంది ఉన్న ఓడ అది. చెప్పవేం? సీసా అయితే గుర్తుంది నీకు!

1944 ఏప్రిల్ 28 తెల్లవారకముందే ఇంగ్లండు దగ్గర లైమ్ బేలో, నార్మండీ దాడికి రిహార్సల్ చేయబోతున్న ఎల్.ఎస్.టి.ల వరస మీద జర్మన్ టార్పెడో పడవలు పడ్డాయి. 507, 531 నంబరు ఓడలు మునిగాయి. వెనక భాగం చితికిపోయిన 289 ఎలాగో డార్ట్‌మత్ చేరింది. వందల మంది పోయారు. నెల తిరక్కుండానే, మే 21న, పెరల్ హార్బర్ వెస్ట్ లాక్‌లో పసిఫిక్‌లోని సైపాన్ ద్వీపం మీద దాడి ప్రయాణానికి సరుకు ఎక్కించుకుంటున్న వరసలో పేలుళ్లు. ఆరు ఎల్.ఎస్.టి.లు తగలబడి మునిగాయి, 163 మంది చచ్చిపోయారు. అప్పట్లో రెండిటినీ రహస్యమని తొక్కిపెట్టారు. యుద్ధంలో రహస్యం తప్పదు, ఒప్పుకుంటా. యుద్ధం అయిపోయాక నీ నోరెవరు మూశారు? మునిగింది, తేదీ, చుక్క. అంతేనా మనుషుల విలువ?

నీలాంటి రికార్డుల్ని నమ్ముకోకుండా ఓడనే తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 325 నంబరు ఎల్.ఎస్.టి. యూరప్‌లో సిసిలీ, సలెర్నో, నార్మండీ దాడులు చూసింది. 1964లో గ్రీసుకిచ్చేస్తే సిరోస్ అని పేరు పెట్టింది గ్రీకులే, 1999 దాకా వాడుకుంది కూడా వాళ్లే. తర్వాత సగటున 72 ఏళ్లున్న అమెరికన్ ముసలాళ్లు 2000 నవంబరులో క్రీట్ నుంచి దాన్ని స్వయంగా నడుపుకుంటూ బయల్దేరారు. గంటకు పాతిక కిలోమీటర్లు కూడా పోలేని ఓడ. బీపీ, షుగరు బిళ్లలు వేసుకునే వయసు. అట్లాంటిక్ దాటించి 2001 జనవరిలో అలబామాలోని మొబైల్ రేవులో కట్టేశారు. ఇప్పుడది ఇండియానాలోని ఎవాన్స్‌విల్‌లో ఉంది, లోపలికెళ్లి ఆ ట్యాంకుల డెక్కు మీద నడవొచ్చు. ఆ ముసలాళ్లకి వెయ్యి దండాలు.

సరే, మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. తమరు పెద్దలు, నా మనవి చిన్నది. ఆ సీసా వాక్యం కొట్టేసి, ఆ జాగాలో లంగరు వదిలినవాడి పేరు రాయండి. పాత కాగితాలు, ఇప్పుడెక్కడ వెతకమంటావ్ అంటారేమో. తుక్కు కొన్నవాడి పేరు దొరికింది కదండీ!

ఇట్లు,
తమ పాఠకుడు