నీలం లేని నీలి చంద్రుడికి

శ్రీ పరాభవ నామ సంవత్సరం, అధిక జ్యేష్ఠ మాసం
31 మే 2026, ఆదివారం రాత్రి

మహారాజశ్రీ ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనే ఇంగ్లీషు నానుడి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మెడలు పట్టేయడం తప్ప.

పొద్దుటి నుంచీ టీవీలో ఒకటే స్క్రోలింగ్: ‘నేడు ఆకాశంలో నీలి చంద్రుడు, అరుదైన దృశ్యం’. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి చంద్రుణ్ణి అలా అంటారట. రోహిణి కార్తె ఉక్కలో పిల్లాజెల్లాతో డాబాలెక్కాం. తమరు తూర్పున తాపీగా లేచారు. పండు మామిడి రంగు. కాస్త పైకొచ్చాక రోజూ ఉండే తెలుపు. ఆ చుట్టుపక్కల రంగంటూ ఉన్నది ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రానికే. అసలు తమరు పూర్తిగా నిండింది మధ్యాహ్నం 2.15 ప్రాంతంలోనట. మేం డాబా ఎక్కేసరికే పాడ్యమి! పైగా ఈ ఏడాది పున్నములన్నిట్లోకీ తమరు దూరంగా, చిన్నగా కనిపించేది ఇవాళేనట. సంవత్సరం పేరు పరాభవ అని ఊరికే పెట్టలేదు.

రంగు సంగతి వదిలేస్తాం. తమరు నిజంగా నీలంగా కనిపించిన రోజులున్నాయి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలాక, 1950లో కెనడా అడవులు తగలబడి ఆ పొగ స్కాట్లాండ్ దాకా పోయాక. గాల్లో రేణువులు ఇంచుమించు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజులో ఉంటే ఎరుపు చెదిరిపోతుంది, నీలం మన కంటికి చేరుతుంది. అంటే దానికి బూడిదో పొగో కావాలి. గోడ మీది క్యాలెండర్ చాలదు.

మా బాధ ‘అరుదు’ అన్న మాటతో. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29 రోజుల 12 గంటలు. పన్నెండు పున్నములు కలిపితే 354 రోజులు. ఏడాదికి 11 రోజులు మిగులుతాయి. మూడేళ్లు తిరక్కుండానే అవి పోగై ఏదో ఒక నెలలో రెండో పున్నమి పడుతుంది. 19 ఏళ్లలో 7 సార్లు! 2018లో అయితే జనవరి 31న ఒకసారి, మార్చి 31న మరోసారి వేంచేశారు. మధ్యలో ఫిబ్రవరికి పున్నమే లేకుండా చేశారు. రెండు నెలలకోసారి గ్యాస్ బండ మార్చుకునే ఇంట్లో దీన్ని అరుదు అంటారా?

మా పంచాంగం వాళ్లూ ఈ 11 రోజుల్నే లెక్కగట్టి అధికమాసం పెట్టారు. అదీ 19 ఏళ్లకు 7 సార్లే. కానీ వాళ్లు ఎవర్నీ డాబా ఎక్కించలేదు. పెళ్లిళ్లు వాయిదా వేసుకోమన్నారు, అంతే.

పోనీ ‘నెలలో రెండో పున్నమి’ అన్న నిర్వచనమైనా సొంతమా? అమెరికా వాళ్ల పాత పంచాంగం ‘మెయిన్ ఫార్మర్స్ ఆల్మనాక్’ లెక్కలో, ఒక రుతువులో మూడుకు బదులు నాలుగు పున్నములు వస్తే మూడోది బ్లూ మూన్. 1946 మార్చిలో ‘స్కై అండ్ టెలిస్కోప్’ అనే ఖగోళ పత్రికలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే ఆయన దాన్ని తప్పుగా అర్థం చేసుకుని, నెలలో రెండోది అని రాసేశారు. పొరపాటైందని ఆ పత్రికే 1999లో ఒప్పుకుంది. పాత లెక్కలో చూస్తే వాళ్ల వసంతంలో ఈసారి మూడే పున్నములు. అంటే ఇవాళ నువ్వు బ్లూ మూన్‌వే కాదు! అచ్చుతప్పు చూడ్డానికి మమ్మల్ని మేడ ఎక్కించావు.

ఇక నిన్ను వాడేవాళ్లు. నీ అర్థం ‘ఎప్పుడో గానీ జరగదు, అలాగని అసలు జరగకా పోదు’. ‘హీ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే సరిపోతుంది. దాన్ని పట్టుకుని ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అపర్చునిటీ’ అని ఆఫీసు మెయిళ్లలో దంచుతారు. జన్మకోసారి వచ్చేదాన్ని ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ అంటారు నాయనా. కొందరు మధ్యలో ‘ఎ’ మింగేస్తారు, కొందరు ‘ద’ పెడతారు. కుళాయి నీళ్లు రావట్లేదని మున్సిపాలిటీకి రాసే అర్జీలోనూ నువ్వే. నువ్వు కబుర్లకి పనికొచ్చే మాటవి. అర్జీలో ‘పది రోజులకోసారి వస్తున్నాయి’ అని అంకె వేస్తేనే పని.

మా ‘అమావాస్యకో పున్నానికో’ మాత్రం గొప్పా అని నువ్వు అడగొచ్చు. ఒప్పుకుంటాం, లెక్క చూస్తే అది పక్షానికోసారే. కానీ అది ఏ రంగూ చూపిస్తానని మాటివ్వలేదు. నిజంగా అరుదైనదానికి మాకు ‘పుష్కరానికోసారి’ ఉంది. పన్నెండేళ్లంటే పన్నెండేళ్లే. 2015లో వచ్చిన గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో.

నీ తర్వాతి రాక 2028 డిసెంబరు 31న. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం కూడా. పది దాటాక, జనం న్యూ ఇయర్ కేకు పెట్టెలు విప్పే వేళకి, నీలి చంద్రుడు తోమని రాగి చెంబులా వేలాడతాడు. కింద స్క్రోలింగ్‌లో మాత్రం ‘నీలి’ అనే ఉంటుంది. ఈసారి చాపలు, దిండ్లు కూడా పైకి తెచ్చుకుంటాం. మెడ నొప్పెట్టకుండా పడుకునే చూస్తాం.

ఇట్లు,
డాబా ఎక్కినవాళ్లు