అరంగుళం కోసం సంతకం కోసేస్తారట

ఏ3 కాగితం 297×420 మిల్లీమీటర్లు ఉండాలని జర్మనీ వాళ్ళు 1922లోనే తేల్చేశారు. ఆ కబురు ఫ్రేములు చేసేవాళ్ళకి ఇంకా అందినట్టు లేదు, పాపం బిజీగా ఉండుంటారు. రెడీమేడ్ ఫ్రేమేమో 12×16 అంగుళాలు, ఓ చిత్రకారిణి దగ్గర మనం కొన్న ఏ3 బొమ్మ ప్రింటు పొడవేమో పదహారున్నర. ఆ అరంగుళం మీద ఓ మహాసామ్రాజ్యమే నడుస్తోంది, దాన్నే కస్టమ్ ఫ్రేమింగ్ అంటారు.

కౌంటర్ మీద ప్రింటు పెట్టగానే బొమ్మ వైపు చూసే నాథుడుండడు, గోడకున్న ఫ్రేము మూలముక్కలు ఒక్కోటీ తీసి ప్రింటు మూలకి ఆనించడం మొదలెడతారు. ఇది టేకు సార్, ఇది టేకులా కనిపించేది, ఇదేమో టేకులా కనిపించేదానిలా కనిపించేది. మామూలు నల్లది చాలండీ అంటే మన మీద జాలి. తర్వాత అద్దం. మామూలుదా, మెరవనిదా, యూవీదా, మ్యూజియం గ్లాసా? మ్యూజియం! బాత్రూం పక్క గోడకండీ బాబూ ఇది. ఆఖర్న కాలిక్యులేటర్ మన వైపు తిప్పుతారు (ఆ అంకె నోటితో చెప్పే ధైర్యం వాళ్ళకీ ఉండదు), అది చూశాక బొమ్మ గీసినావిడకి మనం ఇచ్చిందెంతో గుర్తొచ్చి తలెత్తుకోలేం.

తగ్గించమంటే అప్పుడొస్తుంది దివ్యమైన సలహా. "ఆ 12×16లోనే పెట్టేద్దాం సార్, కింద తెల్లంచు కొంచెం కట్ చేస్తే సరిపోద్ది, ఎలాగూ అక్కడేవో పెన్సిల్ గీతలున్నాయి."

పెన్సిల్ గీతలా? అది ఆవిడ సంతకం రా నాయనా! పక్కన 12/50 అనుంది చూడు, వేసిన యాభైలో పన్నెండోదని. కొయ్యొద్దంటే సరేనని తలూపి లోపలికి తీసుకెళ్ళి, ముడతలు రాకుండా అని వెనకంతా గమ్ము పూసి అట్టకి అతికించేస్తారు, ఇక చింపకుండా ఊడదీయడం బ్రహ్మతరం కాదు. ఆ చవకట్టలో ఉండే యాసిడ్‌కి కొన్నేళ్ళలో కాగితం పసుప్పచ్చగా మారిపోతుంది. ఎవడడిగాడు మిమ్మల్ని? ఒరిజినల్ కొనే స్తోమత లేనివాళ్ళ గోడల మీద కూడా ఓ మంచి బొమ్మ ఉండాలనే కదా ఆవిడ ప్రింట్లు వేసింది, ఆ గోడ దాకా రాకుండానే దాన్ని చంపేసి పైగా బిల్లు మన చేతిలో పెడతారా, సిగ్గుండాలి!

నిజానికి మందు చిన్నదే. 16×20 రెడీమేడ్ ఫ్రేము కొని, యాసిడ్-ఫ్రీ మౌంట్ బోర్డుకి (అద్దానికీ బొమ్మకీ మధ్య పెట్టే, యాసిడ్ లేని అట్ట) బొమ్మ కనిపించేలా కిటికీ మాత్రం కోయించుకుంటే చాలు, చుట్టూ దాదాపు రెండేసి అంగుళాల అంచు వస్తుంది, సంతకం కనిపిస్తుంది, అద్దం ప్రింటుకి అంటుకోదు. ప్రింటుని పైన రెండుచోట్ల యాసిడ్-ఫ్రీ పేపర్ టేపుతో వేలాడదీస్తే అయిపోయింది. కానీ మౌంటొక్కటే కోసిస్తారా అని అడిగి చూడండి, మీరేదో కిడ్నీ అడిగినట్టు చూస్తారు. "ఫ్రేము కూడా ఇక్కడే చేయించుకోవాలి సార్."

అక్కర్లేదు. పాత సామాన్లమ్మే చోట ఏ దిక్కుమాలిన సీనరీకో బంగారంలాంటి ఫ్రేము ఉంటుంది, అది కొనుక్కోండి. సీనరీ మాత్రం తీసి ఆ కౌంటర్లో ఇచ్చేయండి, ఎంత కావాలంటే అంత కోసుకుంటారు.