నలభై ఏడా, డెబ్బై నాలుగా?

ఒక ప్రాసెసర్ (కంప్యూటర్ మెదడు లాంటి చిప్) కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో ప్రాసెసర్ మీద నడిపించడాన్ని ఎమ్యులేషన్ అంటారు. యాపిల్ వాళ్లు 1994లో, 2006లో, 2020లో తమ మాక్ కంప్యూటర్ల ప్రాసెసర్ మార్చి, మూడుసార్లూ పాత ప్రోగ్రాములను కొత్త చిప్ మీద నడిపించి చప్పట్లు కొట్టించుకున్నారు. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో తెలుగువాళ్లం మేము రోజూ చేసే పని ఇదే. లోపల నడిచేది తెలుగు, బయట పని చేయాల్సింది మరాఠీ. ఒక్కరైనా శాలువా కప్పలేదు.

మొదటి చిక్కు బైట్ల వరుస. పెద్ద సంఖ్యను చిప్ బైట్లనే ముక్కలుగా దాచుకుంటుంది. ఇంటెల్ చిప్ తక్కువ విలువున్న బైటును ముందు పెడుతుంది, పాత మాక్‌లలోని పవర్‌పీసీ చిప్ ఎక్కువ విలువున్న బైటును ముందు పెట్టేది. పవర్‌పీసీ ప్రోగ్రాములను ఇంటెల్ మీద నడిపించడానికి 2006లో యాపిల్ పెట్టిన రోసెట్టా అనే తర్జుమా ప్రోగ్రాము పడ్డ తిప్పల్లో ఇదొకటి. మనం నలభై ఏడు అంటాం, పదులు ముందు. మరాఠీలో సత్తేచాళీస్, ఏడు ముందు. మూడో తరగతిలో సారు లెక్క చెబుతుంటే 'సత్తే' వినగానే నా చేయి 7 వేసింది, 'చాళీస్' వచ్చేసరికి 4. పలక మీద 74, వీపు మీద బెత్తం. ఇప్పటికీ మిర్చి అడ్తిలో ధర వింటే అర క్షణం ఆగుతాను. ఇంజినీర్లు ఆ అదనపు ఖర్చును ఓవర్‌హెడ్ అంటారు, అడ్తివాళ్లు చెవుడు అంటారు.

(మనం, మేము తేడా మాత్రం మరాఠీలోనూ ఉంది: ఆపణ్, ఆమ్హీ. ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ (చిప్‌కిచ్చే ఆదేశం) ఉన్నదున్నట్టు నడుస్తుంది.)

ఇంటెల్ చిప్ కూడిక చేసిన ప్రతిసారీ సున్నా వచ్చిందా, క్యారీ మిగిలిందా అని ఫ్లాగులనే చిన్న గుర్తుల్లో రాసుకుంటుంది. చాలాసార్లు వాటిని చదివేవాడే ఉండడు. అందుకే తెలివైన ఎమ్యులేటర్ అవేవీ అప్పుడే లెక్కకట్టదు, ఎవరైనా అడిగితే చూద్దాంలే అనుకుంటుంది. ఈ పద్ధతి సర్కారీ ఆఫీసుల్లోనే పుట్టిందని నా గట్టి నమ్మకం.

ఒకసారి తర్జుమా చేసిన ముక్కను దాచుకుని మళ్లీ వాడుకోవడం ఇంకో కిటుకు. 'కితీలా?' అని ధర అడగడానికి మాకిప్పుడు ఆలోచనే అక్కర్లేదు. కష్టమల్లా నడుస్తూ నడుస్తూ తనను తానే తిరగరాసుకునే ప్రోగ్రాముతో. మారిన చోట దాచుకున్నది పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. మా నాయనమ్మ మరాఠీలో ఎత్తుకుని, మధ్యలో తెలుగులోకి దిగి, తిట్టు దగ్గర ఉర్దూ అందుకుంటుంది. ఆమెను ఏ చిప్పూ నడపలేదు.

2020లో పాత ఇంటెల్ ప్రోగ్రాముల కోసం యాపిల్ ఇంకో అడుగు వేసింది. మెమరీలో రాతలు ఏ వరుసలో కనబడాలన్న ఇంటెల్ పట్టింపును తన ఎం1 చిప్‌లోనే పెట్టుకుంది, కావాలంటే ఆ మోడ్‌లోకి మారేలా. అల్లుడొస్తే అత్తారిల్లు వంట మార్చుకున్నట్టు. మా కోసం ఎవరూ వంట మార్చలేదు కాబట్టి, పదులు ముందు చెప్పే కౌంటరు ఒక్కటైనా బజారులో తెరవాలని మనవి చేద్దామనుకున్నాను.

మొన్న మరాఠీ బడిలో చదివే మా అమ్మాయికి లెక్క చెబుతూ నలభై ఏడు అన్నాను. అది నోట్‌బుక్‌లో 74 వేసింది. మనవి కాగితం చింపేశాను.