సాయంత్రం ఆరింటి మేష్టారికి ప్రమాణాలు

విజయనగరంలో గంటస్తంభం నుంచి ఏ వీధిలోకి తిరిగినా, సాయంత్రం ఆరయ్యేసరికి ఏదో ఒక మేడ మీది నుంచి పదహారో ఎక్కం వినిపిస్తుంది. ఆ ఎక్కం అప్పజెప్పించుకునే ట్యూషన్ మేష్టారికి ఏయే నైపుణ్యాలుండాలో ఇంతవరకు ఎవరూ నిర్ణయించకపోవడం ఘోరమైన లోపమని తోచి, ఆ భారాన్ని నేనే స్వీకరించాను.

అమెరికాలో బడి వేళల తరువాత పిల్లలను చూసుకునేవారి జాతీయ సంఘం 2011లోనే ఈ వృత్తికి పది విభాగాలు, ఒక్కొక్కదానిలో ఐదు అంచెలు నిర్దేశించింది. పిల్లల ఎదుగుదలను తెలుసుకోవడం, వారిని గమనించడం, కుటుంబంతో సంబంధాలు నెరపడం, భద్రత చూడడం వాటిలో కొన్ని. మనకింత విస్తారం అనవసరం. "కళ్లు మాత్రం వదిలీసి చర్మం వొలిచీండి మేష్టారూ" అని గుంటడిని అప్పగించే తండ్రికి కావలసిన మొదటి నైపుణ్యం బెత్తమే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దండనను, మానసిక వేధింపును నిషేధించినా, అది పాఠశాలలు, ఉపాధ్యాయుల బాధ్యతలు చెప్పే అధ్యాయంలో ఉంది కనుక, ఆ ముచ్చటను సాయంత్రానికి వాయిదా వేసుకున్న మనవాళ్ల న్యాయపరిజ్ఞానం మెచ్చదగినది.

రెండవ నైపుణ్యం లెక్కలకు సంబంధించినది. 2024లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం విద్యార్థులు 50 మందికి మించితేనే అది కోచింగ్ సెంటరు. అప్పుడు చెప్పేవారు పట్టభద్రులై ఉండాలి, ఒక్కొక్కరికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. కాబట్టి సమర్థుడైన మేష్టారు 50 దగ్గర ఆగుతాడు. చాప చివర కూర్చున్న యాభై ఒకటోవాడు విద్యార్థి కాడు, అక్కకు తోడు వచ్చిన తమ్ముడు.

మూడవది యువజన వికాసం. ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిందని సభల్లో పొంగిపోయే తల్లిదండ్రులే, తమ కూతురు అయిదింటికి మైదానానికి వెళ్తానంటే ట్యూషన్‌కు తరుముతారు గనుక, వికాసాన్ని గుమ్మంలోనే పట్టుకొని చాప మీద కూర్చోబెట్టగల నేర్పు తప్పనిసరి.

చిక్కంతా మా వీధి ట్యూషనక్కతో వచ్చింది. ఆమె డిగ్రీ సగంలో ఆపేసింది. ఏ పిల్లవాడు మధ్యాహ్నం తినలేదో ముఖం చూసి కనిపెడుతుంది. తండ్రి తాగి ఇంటికి వచ్చే రోజున ఆ పిల్లను "లెక్క తప్పింది, మళ్లీ చెయ్యి" అంటూ ఎనిమిదిన్నర దాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. నెలకు 300 రూపాయలకు ఇంత పని చేయడం వృత్తి ప్రమాణాలను చెడగొట్టడమే కనుక, నా పట్టికలో ఆమెకు చోటు దొరకలేదు.

కుటుంబ సంబంధాల విభాగంలో మాత్రం ఆమెకు ఐదవ అంచె ఇవ్వక తప్పలేదు. మొన్న మావాడి నోటుపుస్తకంలో, తీసివేత లెక్క కింద, "నాన్నగారికి రెండు నెలలది గుర్తు చేయవలెను" అని గుండ్రని అక్షరాలతో రాసి పంపింది. ఆ చేతిరాతను శ్రద్ధగా పరిశీలించి, ఉత్తమమని నమోదు చేశాను. డబ్బు సంగతి సిరిమాను పండుగ దాటాక చూద్దామనుకుంటున్నాను.