‘పూర్తి’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పూర్తి’ గారికి నమస్కారాలు.

ఇవాళే మా ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. “పూర్తయింది సార్, చిన్న చిన్న ఫినిషింగ్ పనులే” అన్నాడు సైట్ ఇంజినీరు. పూర్తయ్యాక కూడా పనులు మిగలడం మీకే చెల్లింది. లిఫ్టుకి బొత్తాలున్నాయి, లిఫ్టే రాలేదు. సరే, మెట్లెక్కాను.

బాత్రూమ్‌లో బకెట్ నీళ్లు పోశాను. జాలీ వైపు కన్నెత్తి చూడకుండా, గుమ్మం దాటి దర్జాగా హాల్లోకి వెళ్లాయి. మేస్త్రీని పిలిచాను. “వాటం కొంచెం ఇటు పడింది సార్, వైపర్‌తో తోసుకుంటే సరిపోద్ది.” కొంచెమట! అంటే రోజూ స్నానం చేశాక నీళ్లకు దారి చూపించడం నా డ్యూటీ. టైల్స్ తీసి వాటం సరిచేయమంటే, “పూర్తయిన పనిని మళ్లీ పగలగొడతామా సార్?” అని ఎదురు ప్రశ్న. మీ పేరు చెప్పే నా నోరు మూయించాడండీ!

మీ బంధువులందర్నీ నేనెరుగుదును. మేస్త్రీ సామాను సర్దుకుంటే ‘ముగిసింది’. ఒప్పుకున్నవన్నీ చేస్తే ‘సంపూర్ణం’. ఏ మూలా వదలకపోతే ‘సమగ్రం’. వేలెత్తి చూపడానికి తప్పు దొరక్కపోతే ‘నిర్దుష్టం’. ‘పరిపూర్ణం’ గారైతే బ్రోచర్లు దాటి బయటికి రారు. ఈ తేడాలు చట్టానికీ తెలుసు. ఇళ్లు కొనేవాళ్ల కోసం బిల్డర్లను అదుపులో పెట్టే 2016 నాటి రెరా చట్టంలో, ఆమోదించిన ప్లాన్ ప్రకారం కట్టారనే కంప్లీషన్ సర్టిఫికెట్ వేరు. నీళ్లు, డ్రైనేజీ, కరెంటు ఏర్పాట్లున్నాయి, కాపురం పెట్టొచ్చనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వేరు. ఆ రెండూ ఉన్నా ఇంట్లో తప్పుల్లేవని అర్థం కాదు. అందుకే, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం చూపిస్తే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలని 14వ సెక్షన్‌లో రాశారు. మీ మాట మీద చట్టానికే నమ్మకం లేదన్నమాట.

మన వ్యాకరణంలో నిండు సున్నని పూర్ణబిందువు అంటారు. మా బిల్డరు ఆ పాఠం దగ్గరే చదువు ఆపేసినట్టున్నాడు.

ఇక మర్యాదలు చాలు. ఒరే పూర్తీ, నువ్వు పూర్ణం పెట్టని బూరెవి. ఆఖరి వాయిదా కట్టించుకోడానికి తప్ప నిన్ను ఎవడూ తలుచుకోడు. ఫోటోలు తీశాను, రేపు నోటీసు పంపిస్తున్నాను. టైల్స్ లేవాలి, వాటం తిరగాలి, నీళ్లు వాటంతట అవే జాలీలోకి పోవాలి. అంతదాకా నీకు ‘గారు’ కట్.

ఇట్లు,
వైపర్ కొననని ఒట్టేసుకున్న ఫ్లాటు ఓనరు